గోడ గొట్టమునకును కుళాయికిని నడుమ

నగరములకు నీరు వచ్చిన చరిత్రను వ్రాయువారు సాధారణముగా జలాశయముతో ప్రారంభింతురు. ఏ నదికి ఆనకట్ట కట్టిరి, ఏ ప్రభువు శంకుస్థాపన చేసెను, ఎన్ని లక్షలు వ్యయమైనవి, ఎన్ని మైళ్ళ మేర పెద్ద గొట్టములు పాతిరి అను విషయములన్నియు సవిస్తరముగా చెప్పి, నీరు పట్టణపు వీధి మొగమునకు వచ్చునప్పటికి వారి కలము అలసిపోవును. వీధి గొట్టమునుండి గృహస్థుని చేతిక్రింది కుళాయివఱకు మిగిలిన ఆ కొద్దిపాటి దూరము చరిత్రకారుని కంటికి ఆనదు. కాని నీటి మూలమున ఇండ్లలో కలుగు ఖర్చులలోను, తగవులలోను, అర్ధరాత్రపు అవస్థలలోను అధికభాగము ఆ కడపటి మూరెడు మేరలోనే జరుగునని సంసారము చేసిన వారందఱు ఎఱుగుదురు. జలాశయపు గట్టు తెగుట తరమునకొకసారి జరుగునో లేదో. వాష్‌బేసిన్ క్రింద నీరు కారుట మాత్రము ఏ ఇంటికిని తప్పినది కాదు.

ఆ కడపటి మూరెడు మేరలో నేడు మనకు కనబడు వస్తువు మిక్కిలి సామాన్యమైనది. గోడలోనుండి పొడుచుకొని వచ్చిన యాంగిల్ కాక్ ఒకవైపునను, బేసిన్ అడుగునకు దిగిన కుళాయి తోక వేఱొకవైపునను ఉండగా, ఆ రెంటిని కలుపుచు ఒక మెత్తని గొట్టము వంగి వ్రేలాడుచుండును. లోపల రబ్బరు, పైన సన్నని ఉక్కుతీగల అల్లిక, కొసలయందు ఇత్తడి నట్లు. హార్డ్‌వేరు దుకాణములలో దీనిని కనెక్షన్ పైపు అందురు. దీని పూర్వోత్తరములను విచారింపగా నాకు తోచినదేమనగా, ఇది క్రొత్తగా పుట్టిన సౌకర్యము కాదు. ఒకప్పుడు గొట్టమునకు సహజముగానే యుండి, ఇనుము వచ్చిన పిమ్మట పోయిన మెత్తదనమును మఱల సంపాదించుకొనుటకై జరిగిన యత్నమే ఇది. అంతకుముందు సుమారు రెండువేల సంవత్సరములు ఆ పనిని సీసము చేసినది.

క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి రోమునగరపు జలాధికారిగా నియమించిన సెక్స్‌టస్ జూలియస్ ఫ్రాంటినస్ సామాన్యుడు కాడు. బ్రిటనులో రాష్ట్రపాలకుడుగా నుండి సేనలను నడపినవాడు. వార్ధక్యమున దొరకిన ఈ నీటి ఉద్యోగమును చిన్నతనముగా తలపక, కాలువల పొడవులను, గొట్టముల కొలతలను, చేరిన నీటికిని పంచిన నీటికిని గల వ్యత్యాసమును స్వయముగా పరిశీలించి ఒక గ్రంథము వ్రాసెను. అందు లెక్కలును దొంగతనములును విశేషముగా కనబడును. పంపిణీ తొట్టియొద్ద గృహస్థుని గొట్టము ఆరంభమగు తావున కాలిక్స్ అను కంచునాళము బిగింపవలెననియు, దాని పొడవు పండ్రెండు వ్రేళ్ళ వెడల్పునకు తక్కువ కారాదనియు, దానిమీద అధికారముద్ర ఉండవలెననియు నియమము. కంచే ఏలయనగా, అది తేలికగా వంగదు, సాగదు. సీసమైనచో నీటిపనివాడు దాని నోటిని కొంచెము విప్పి, గృహస్థుని యొద్ద లంచము పుచ్చుకొని పోవును. ముద్రలేని నాళములను, ముద్రగల నాళమునకు వెనువెంటనే వెడల్పైన గొట్టమును తగిలించిన వైనములను, వీధి గొట్టములకు రహస్యముగా బెజ్జములు పొడిచి దారిలోని దుకాణములకు నీరు మళ్ళించిన పనివాండ్రను ఆ వృద్ధుడు ఒక్కొక్కటిగా పేర్కొనెను. తొట్టినుండి 50 అడుగుల మేర నిర్ణీతమైన కొలతకు మించిన గొట్టము పెట్టరాదని సెనేటు శాసించుట ఇట్టి మోసములకు విరుగుడు. మన పురపాలక సంఘములు వీధి గొట్టమునకు బిగించు ఫెర్రూలు చేయునది ఆ కాలిక్స్ చేసిన పనియే. ఫెర్రూలును గూర్చి నేడు వినబడు ఆరోపణలలో ఒక్కటియు ఫ్రాంటినస్ చెవికి క్రొత్తగా తోచదు.

కంచునాళమును దాటిన పిదప ఇంటివఱకు అంతయు సీసమే. సీసమును కరగించి పలకగా పోసి, ఆ పలకను ఒక కడ్డీచుట్టు చుట్టి, అంచులను కరగించిన లోహముతో అతికించి పదేసి అడుగుల గొట్టములు చేసెడివారు. రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ కాలమున గొట్టమునకు పేరు పలక వెడల్పునుబట్టియే వచ్చెడిది. ఇట్టి గొట్టమును మూల తిప్పుటకు ఎల్బో అక్కఱలేదు, మోకాలికి ఆనించి వంచిన చాలును. గోడ కొంచెము క్రుంగినను, తొట్టి ఒక అంగుళము జరగినను గొట్టము తానును జరగి ఊరకుండును. ఈ మెత్తదనమునకు చెల్లింపవలసిన మూల్యము ఆనాడే తెలియనిది కాదు. సీసపు పనివాండ్ర మొగములు పాలిపోయి యుండుటను చూపి, త్రాగునీటికి మట్టిగొట్టములే మేలని విట్రూవియస్ స్పష్టముగా వ్రాసెను. ఆ మాటను పడమటిలోకము పందొమ్మిది వందల యేండ్లు పెడచెవిని పెట్టినది.

మట్టిగొట్టమునకు మన దక్కనులో ఉత్తమమైన నిదర్శనము గోల్కొండ. క్రింది బావులనుండి పారశీక చక్రములతో నీటిని ఒక తొట్టినుండి పై తొట్టికి, దానినుండి ఇంకను పై తొట్టికి ఎక్కించి, గోడలలో పొదిగిన మట్టిగొట్టముల ద్వారా మహలులకును హమాములకును పంచిన ఏర్పాటు శిథిలమై నేటికిని కనబడుచున్నది. ఒక గొట్టపు సన్నని కొసను వేఱొకదాని వెడల్పు నోట చొప్పించి, చుట్టును సున్నము మెత్తిన సంధులవి. అవి గోడలో ఉన్నంతకాలము నిక్షేపముగా నుండును గాని, ఒక్క వ్రేలెడు కదలికకు ఓర్వలేవు. అందుచేత నీరు అక్కడ తూములోనుండి తొట్టిలో పడెడిదేగాని, మానవుడు త్రిప్పి కట్టివేయగల కుళాయి వఱకు గొట్టము సాగలేదు.

ఆ సాగుదల లండనునగరమున జరిగినది. స్వర్ణకారుడైన హ్యూ మిడిల్‌టన్ హెర్ట్‌ఫర్డ్‌షైరు ఊటలనుండి తెచ్చిన న్యూ రివర్ అను కాలువ 1613లో పూర్తియైనది. వీధులలో ఎల్మ్ వృక్షపు దూలములను తొలిచి గొట్టములుగా పాతిరి. దూలమునుండి ఇంటికి మాత్రము సన్నని సీసపు గొట్టము. నీరు వారమున కొన్ని దినములు, దినమున కొన్ని గడియలు మాత్రమే వచ్చుటచేత గృహస్థులు సీసపు తొట్లను నింపి ఉంచుకొనెడివారు. సంపులకును డ్రమ్ములకును అలవాటుపడిన మనకు ఇది చిరపరిచితమైన జీవితమే. 1785లో చెల్సీ జలకంపెనీ ఇంజనీరు థామస్ సింప్సన్ పోత ఇనుప గొట్టములకు ఒకదాని నోట వేఱొకదానిని దిగవేసి, నారయు కరగిన సీసమును దట్టించు సంధిని రూపొందించెను. పందొమ్మిదవ శతాబ్దారంభమున దూలములు పోయి పోత ఇనుము వచ్చినది. అయినను ఇంటిలోనికి ప్రవేశించునది సీసమే.

సీసపు గొట్టములను కలుపు విద్య చూడముచ్చటైనది. పనివాడు ఒక గొట్టపు నోటిని కొయ్య శంకువుతో తట్టి విప్పును, రెండవదాని కొసను అరగదీసి సన్నము చేసి అందు చొప్పించును. లోహము అంటవలసిన మేరను మాత్రము తళతళలాడునట్లు గీకి, పశువుల క్రొవ్వు రాచి, అంటరాని మేరకు దీపపు మసి కలిపిన జిగురు పూయును. రెండుపాళ్ళు సీసము, ఒకపాలు తగరము కరగించిన మిశ్రమమును గరిటెతో పోయుచు, అది నీరునుగాక గట్టియునుగాక మెత్తని ముద్దగా నుండు ఆ కొద్ది క్షణములలో దళసరి బట్టను చేతబట్టి చుట్టును తుడిచి, నడుమ ఉల్లిగడ్డవలె ఉబ్బి ఇరువైపుల సన్నగిలు ఆకారము తెచ్చును. క్షణము ముందైనచో ముద్ద జారిపోవును. క్షణము ఆలస్యమైనచో బిగిసి గరుకుదేరును. తగరము పాలు ఎక్కువైనచో ఈ మెత్తని అవస్థ మఱింత స్వల్పకాలము నిలుచునుగాన, ఆ పాళ్ళు వారికి వేదవాక్యము. ఈ సంధిని నున్నగా తుడువగలిగిన నాడే శిష్యుడు పనివాడనిపించుకొనెడివాడు. యంత్రములు వచ్చి చెడిన విద్యలలో దీనికై విచారించువారు తక్కువ. లోపలి నీరు ఎట్టిదో తలచుకొన్నచో విచారింపకుండుటయే న్యాయము.

ఇంటిలోనికి ఇనుమును తెచ్చినది నీరు కాదు, వెలుతురు. విలియమ్ మర్డాక్ 1792లో కార్న్‌వాల్‌లోని రెడ్రూత్‌లో తన ఇంటిని బొగ్గుగ్యాసుతో వెలిగించిన తరువాత, ఇంగ్లండులో గ్యాసుదీపముల వ్యాపారము ప్రబలినది. నెపోలియన్ యుద్ధములు ముగిసి పనిలేక పడియున్న తుపాకి గొట్టములను కొసకు కొస బిగించి గ్యాసు నడపిన కాలమది. 1825లో వెడ్నెస్‌బరీ పట్టణమున కార్నీలియస్ వైట్‌హౌస్ కాల్చిన ఇనుప బద్దను గుండ్రని నోటిగుండ లాగి, అంచులు తమంతట అతుకునట్లు చేయు పద్ధతికి పేటెంటు పొందగా, ఇనుప గొట్టము చవుకయైనది. కాని ఇనుము వంగదు, తుడుచు సంధికి లొంగదు; దానికి మర కోయవలసినదే. మర కోయుటలో ఒక్కొక్క కర్మాగారము ఒక్కొక్క కొలత. ఒక ఊరి గొట్టము వేఱొక ఊరి సాకెట్టుకు పట్టదు.

ఈ అరాచకమునకు మాంచెస్టరు యంత్రకారుడు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ముగింపు చెప్పెను. ఆయన క్రొత్త సిద్ధాంతమేదియు కల్పింపలేదు. దేశములోని పలు కర్మాగారములనుండి మరమేకులను తెప్పించి, వాని కొలతల సగటు తీసి, మర పల్లుకు 55 డిగ్రీల కోణము స్థిరపఱచి, ఇంత లావునకు ఇన్ని చుట్లని పట్టిక వ్రాసి ఇంజనీర్ల సంస్థకు సమర్పించెను. గొట్టపు మరలును క్రమముగా ఆ కోణమునే అనుసరించినవి. అరంగుళపు గొట్టమునకు అంగుళమునకు 14 చుట్లు, ముప్పావు గొట్టమునకును 14 చుట్లే, అంగుళపు గొట్టమునకు 11. ఇక్కడ ఒక చమత్కారమున్నది. అరంగుళపు గొట్టములో అరంగుళమైనది ఏదియు లేదు. మర వెలుపలి కొలత 20.955 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో నూఱింట ఎనుబదిరెండు పాళ్ళకు పైమాట. గొట్టములు మందముగా చేసిన ఆ కాలమున లోపలి రంధ్రము అరంగుళముండెడిది, పేరు దానినుండి వచ్చినది. తరువాత ఇనుము మేలై గోడ పలుచనైనను, పాత మరలకు పట్టవలెను గనుక వెలుపలి కొలత మాత్రము మాఱలేదు. మెట్రిక్ పద్ధతికి జన్మభూమియైన ఫ్రాన్సు సైతము ఈ మరను కాదనలేక, లోపల 15, వెలుపల 21 అని తన లెక్కలో పేరు పెట్టి స్వీకరించినది. సామ్రాజ్యములు పోయినను మరలు పోలేదని ఎవరైన వ్రాసినచో నేను కాదనను.

కుళాయికిని రూపము వచ్చినది ఈ కాలముననే. అంతకుముందు కుళాయియనగా రంధ్రముగల బిరడా. పావుచుట్టు త్రిప్పినచో నీరు ఒక్కసారిగా తెగును. నీరు మెల్లగా వచ్చినంతకాలము చిక్కులేదు. ఎల్లవేళల ఒత్తిడితో నీరు రాసాగిన తరువాత, అట్లు అకస్మాత్తుగా ఆపిన నీరు వెనుదిరిగి గొట్టమును సమ్మెటతో కొట్టినట్లు అదరగొట్టి సంధులను పగులగొట్టెను. అందుచేత 1845లో రోథర్‌హామ్‌కు చెందిన గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ, మరను మెల్లగా దింపి తోలు వాషరును నీటి నోటిమీద అదుము కుళాయికి పేటెంటు తీసికొనెను. మన తాతల ఇండ్లలోని ఇత్తడి కుళాయిలన్నియు దాని సంతానమే.

ఆ తోలు వాషరు భారతదేశమునకు వచ్చి వేఱొక కథ నడపినది. బొంబాయికి విహార్ తటాకపు నీరు 1860లోను, కలకత్తాకు పల్తానుండి శుద్ధిచేసిన హుగ్లీ నీరు 1870 ప్రాంతమునను వచ్చినవి. తెలుగువారికి అప్పటి రాజధానియైన మద్రాసునకు 1872లో ఎఱ్ఱకొండల చెఱువునుండి నీరు దిగినది. ఆ నీరు వడపోతలేక బురదతో కుళాయిలకు చేరుచుండగా, 1914లో మేడ్లీ అను ఇంజనీరు నేతృత్వమున కిల్పాకులో వడపోత తొట్లు ఏర్పడినవి. హైదరాబాదు సంగతి వేఱు. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వఱద నగరమును ముంచిన తరువాత, విశ్వేశ్వరయ్యగారి సలహాపై వఱదను ఆపుటకును దాహము తీర్చుటకును ఒకే పథకము నడచి, 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తియైనవి. మూసీని తలచుకొని భయపడిన నగరము ఆ మూసీనే నల్లాలలో పట్టుకొని త్రాగినది.

నీరు వచ్చినను ఆచారము దానిని వెంటనే ఇంటిలోనికి రానీయలేదు. కుళాయిలోని తోలును తాకి వచ్చు నీరు మడికి పనికిరాదని తెలుగు గృహములలో పెద్దలు నిర్ణయించిరి. స్నానమునకు, గిన్నెలకు, మొక్కలకు కుళాయి. దేవతార్చనకును మడివంటకును బావి. ఒకే పెరటిలో రెండు విధముల నీళ్ళు, రెండు వరుసల బిందెలు. బావులు ఎండిన ఊళ్ళలోను అద్దె యిండ్లలోను ఈ నియమము తనంతట సడలినది. రబ్బరు వాషరు వచ్చుటతో చెప్పుకొనుటకు ఒక సమాధానమును దొరకినది. తోలు పోయినందున ఆచారము నిలిచినదనవలెనో, బావి పోయినందున సడలినదనవలెనో పెద్దలకే తెలియవలెను.

మన ఇండ్లలో సీసపు గొట్టము విస్తరింపలేదు. మనకు వచ్చునప్పటికే తుత్తునాగపు పూత పూసిన ఇనుము, అనగా మనవారు జి.ఐ. పైపు అనునది, సిద్ధముగా నుండెను. గొట్టమును వైస్‌లో బిగించి, నూనె పోయుచు డైతో మర కోసి, మరచుట్లపై జనుపనార చుట్టి సఫేదా పూసి, పైపు రెంచితో బిగించుట ఒక తరము పనివాండ్ర నిత్యవిద్య. నారను బిగించు దిశకే చుట్టవలెను. ఎదురు చుట్టినచో సాకెట్టు తిరుగుకొలది నార ఊడి బయట గడ్డమై వ్రేలాడును. చూచిన వెంటనే పనివాని అనుభవము ఎంతటిదో తెలియును. కొంచెము ఏటవాలుగా కోసిన ఆ మర బిగించుకొలది ఇఱుకై, నార ఉబ్బి, సఫేదా గట్టిపడి, ఇఱువది యేండ్లు చుక్క జారదు. సఫేదా సీసపు భస్మమే యగుట వేఱు సంగతి. గొట్టమునుండి వెళ్ళగొట్టిన సీసము సంధిలో దాగికొన్నది.

ఇనుము దృఢత్వమును ఇచ్చి సౌలభ్యమును హరించినది. గోడలోని గొట్టము ఒకచోట నిలిచిపోవును, పింగాణి బేసిన్ తన రంధ్రమును వేఱొకచోట ఉంచుకొనును. రెంటికిని అరంగుళపు తేడా వచ్చినచో మేస్త్రీ గోడను పగులగొట్టవలెను, లేదా బిగింపులో పింగాణి పగులవలెను. నడుమ నున్న ఒక్క ముక్కను విప్పవలెనన్నచో కొసనుండి వరుసగా విప్పుకొని రావలెను గనుక, యూనియన్ అను రెండు ముక్కల సంధి అవసరమైనది. ఈ చిక్కునకు తొలి పరిష్కారము వింతయైనది. ఇంగ్లండులో మూలపడుచున్న సీసమునే ఒక మూరెడు ముక్కగా కోసి, రెండు కొసల ఇత్తడి యూనియన్లు అతికి, గోడకును బేసిన్‌కును నడుమ వంచి బిగించిరి. తరువాత ఆ స్థానమున సన్నని రాగి గొట్టము, ఆపై ప్లాస్టిక్ గొట్టము వచ్చినవి. మన ప్రభుత్వ నిర్మాణశాఖల ధరల పట్టికలలో ఇత్తడి యూనియన్లుగల పి.వి.సి. కనెక్షన్ పైపు 30 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు అను పొడవులలో చోటు సంపాదించుకొన్నది. తెల్లని ఆ గొట్టము చల్లనీటికి బాగుండును గాని, గీజరు వేడికి మెత్తబడి నట్టునొద్ద జారును.

నేటి అల్లిక గొట్టమునకు పూర్వులు వంటింటిలో పుట్టినవారు కారు. ఆమ్‌స్టర్‌డామ్ నగర దృశ్యములను ఇటుకయిటుకగా చిత్రించిన యాన్ వాన్ డెర్ హైడెన్ అను చిత్రకారుడే 1670 దాటిన తరువాత తన సోదరునితో కూడి, తోలును కుట్టి నీటిగొట్టముగా చేసి అగ్నియంత్రమునకు తగిలించెను. కుట్టుగుండ నీరు కారుచుండగా 1807లో ఫిలడెల్ఫియావారు రాగి రివిట్లు కొట్టిరి. చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాల్చి దానికి స్థైర్యము కలిగించు మార్గమును 1839లో కనుగొని 1844లో పేటెంటు పొందెను. అప్పటినుండి తోలు గొట్టములకు కాలము చెల్లసాగినది. లోహమును సైతము వంచవచ్చునని చూపినది నగల ఊరు. జర్మనీలోని ప్ఫోర్ట్‌జ్‌హైమ్ పట్టణము స్వర్ణకారులకు ప్రసిద్ధి. అక్కడి హైన్రిక్ విట్జెన్‌మన్, లవవాసర్ అను ఫ్రెంచివానితో కూడి, లోహపు పట్టీని అంచులు ఒకదానినొకటి పట్టుకొనునట్లు చుట్టి వంగు గొట్టమును 1885లో చేసెను. స్నానశాలలలో షవరు గొట్టముపై మెఱయు ఆ చుట్లలో నగల పనివాని చేతివాటము నేటికిని తెలియుచున్నది.

రబ్బరు ఒంటిగా నీటి ఒత్తిడికి ఉబ్బును. తీగల అల్లిక ఒంటిగా నీటిని నిలుపలేదు. లోపల ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుగల రబ్బరునాళము, దానిపై ఉబ్బును అడ్డగించు అల్లిక, కొసలయందు రెంటిని కలిపి నొక్కిన లోహపు ఉంగరము: ఇంతే దాని నిర్మాణము. ఒకే రంధ్రమున వేడినీటిని చల్లనీటిని కలుపు మిక్సరు కుళాయిలు యూరపులో వ్యాపించినప్పుడు, ఆ ఇఱుకు రంధ్రములో రెండు గట్టి గొట్టములను దింపుట దుస్సాధ్యమై, ఈ అల్లిక గొట్టములకు గిరాకి పెరిగినది. వాని పైకొసను కుళాయి అడుగున చేతితో బిగింపవలెను. అక్కడ రబ్బరు ఉంగరమే నీటిని ఆపును గనుక పానాకు పనిలేదు.

క్రిందికొసయందే మన పనివాండ్రు పొరపడుచున్నారు. గోడలోని బ్రాస్ ఎల్బోలో యాంగిల్ కాక్‌ను బిగించునప్పుడు మరయే నీటిని ఆపవలెను గావున నారయో, టెఫ్లాన్ టేపో తప్పనిసరి. 1938లో రాయ్ ప్లంకెట్ అను రసాయనజ్ఞుడు శీతలీకరణ వాయువులతో పని చేయుచు అనుకొనక కనుగొన్న పదార్థము ఆ టేపు. కాని కనెక్షన్ పైపు నట్టులో నీటిని ఆపునది మర కాదు, అడుగున చదునుగా కూర్చున్న వాషరు. అక్కడ టేపు చుట్టుటవలన ప్రయోజనము లేదు సరికదా, నట్టు పూర్తిగా దిగక వాషరు నొక్కుడు పడక నీరు ఊరును. ఊరుచున్నదని మఱింత టేపు, మఱింత బలము. తుదకు వాషరు చితికిపోవును. చేతితో బిగించి, ఆపై పానాతో పావుచుట్టు త్రిప్పిన చాలును. అంతకుముందు ఒకసారి కాక్ తెఱచి, క్రొత్త గొట్టములోని ఇసుకను, సిమెంటు పెళ్ళలను బకెట్టులోనికి పోనీయవలెను. బిగించునప్పుడు గొట్టపు నడుమును రెండవ చేతితో పట్టుకొని మెలిపడకుండ చూడవలెను. మెలిపడిన గొట్టము ఆనాడు కారదు. అల్లిక ఒకవైపు విడివడి, కొన్నాళ్ళకు రబ్బరు ఆ సందున బుడగవలె పైకి వచ్చును.

మన ఇండ్లలో ఈ గొట్టములకు మృత్యువు రెండు మార్గముల వచ్చును. స్నానశాలను శుభ్రపఱచుటకు వాడు యాసిడు ఆవిరి, బ్లీచింగు ఘాటు తలుపుమూసిన గదిలో నిలిచి, తుప్పు పట్టదని అమ్మిన ఉక్కుతీగను నెమ్మదిగా కొఱికివేయును. రెండవది ఒత్తిడి. పది మీటర్ల ఎత్తునుండి దిగు నీరు చదరపు సెంటీమీటరునకు ఒక కిలో ఒత్తిడి నిచ్చును. రెండంతస్తుల ఇంటి పైతొట్టి ఆ మాత్రము కూడ ఈయదు గనుక, పాత ఇండ్లలో గొట్టము ఎట్టిదైనను గడచిపోయినది. పదునైదు అంతస్తుల భవనమున క్రింది ఇంటికి నాలుగు కిలోలకు మించి వచ్చును. మధ్యలో ఒత్తిడి తగ్గించు వాల్వు లేనిచో, కొసనొద్ద నొక్కిన ఉంగరము ఎంత గట్టిదో ఆ రాత్రియే తేలిపోవును.

గోడలోని ఇనుము పోయి సి.పి.వి.సి. గొట్టములు వచ్చి, మర కోయు డైలు మూలపడి, జిగురుతో సంధులు అతుకు ఈ కాలమున సైతము, కుళాయి తగులవలసిన ఎల్బోలో మాత్రము ఒక ఇత్తడి ముక్కను పొదిగి, అందు విట్‌వర్త్ కోణపు మరనే కోయుచున్నారు. వాషింగ్ మెషీను గొట్టమునకు ముప్పావు మర, బేసిన్‌కు అరంగుళపు మర. దుకాణమున హాఫ్ ఇంచి అని అడుగుదుము, కాగితముమీద 15 మిల్లీమీటర్లని వ్రాయుదుము, కొలిచి చూచిన 21 ఉండును. ఈ మూడంకెలలో ఏది నిజమని అడిగిన కొనుగోలుదారునికి దుకాణదారు ఎన్నడును సమాధానము చెప్పడు, గొట్టము తెచ్చి ఇచ్చును.

ఈ మర చెల్లని దేశమొకటి కలదు, అందు మనవారు పెక్కుమంది నివసించుచున్నారు. అమెరికాలో మర పల్లుకు 60 డిగ్రీల కోణము. అరంగుళమునకును ముప్పావునకును అంగుళమునకు 14 చుట్లే యగుటచేత, ఇండియానుండి పెట్టెలో పెట్టుకొని పోయిన ఇత్తడి కాక్ అక్కడి గొట్టములో మొదటి రెండు చుట్లు సులువుగా ఎక్కి ఆశ పుట్టించి, పిమ్మట బిగిసికొనును. బలవంతపెట్టినచో పల్లు చెడి నీరు కారును. వాషరుగల నట్టు కొంతమేర సర్దుకొనును. అందుచేత స్నానశాలలోని హెల్త్ ఫాసెట్టు గొట్టము కొన్ని ఇండ్లలో చక్కగా పట్టినది, ఏటవాలు మరగల కాక్ మాత్రము పట్టలేదు. టాయిలెట్టు తొట్టికి అక్కడివారు వాడు కొలత మఱియొకటి. ఒక కొసను 55 డిగ్రీల మరయు, వేఱొక కొసను 60 డిగ్రీల మరయు కోసిన పొట్టి ఇత్తడి అడాప్టరులు దీనికై అమ్ముచున్నారు. రెండు కొసలను చూపులో పోల్చలేము గనుక, ఏది ఎటు పెట్టవలెనో వానిమీద చెక్కిన అక్షరములను చదువుకొనియే బిగింపవలెను.